పేజీలు చూసి మోసపోవద్దు: మొదటి సైన్స్ ఫిక్షన్ నవలగా ఏది తీసుకోవాలి, ఎన్ని గంటలు పడుతుంది

"ఇది ఎన్ని రోజులు పట్టుద్ది అన్నా?" పుస్తకం చేతికివ్వగానే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా వచ్చే మొదటి ప్రశ్న ఇదే. అడిగినవాళ్లు జవాబు కోసం ఆగరు, చివరి పేజీ తిప్పి నంబరు చూసుకుంటారు. మూడొందల లోపుంటే తీసుకుంటారు, దాటితే పెట్టేస్తారు. మామూలు నవలలకు ఈ లెక్క కొంతవరకు పనికొస్తుందేమో గానీ సైన్స్ ఫిక్షన్‌లో నిలవదు. సన్నగా ఉందని న్యూరోమాన్సర్ తీసుకెళ్లి నలభయ్యో పేజీ దగ్గర వదిలేసినవాళ్లున్నారు. లావుగా ఉందని భయపడుతూనే ద మార్షియన్ పట్టుకుని రెండు ఆదివారాల్లో తేల్చేసినవాళ్లూ ఉన్నారు.

ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి, ఇప్పుడిప్పుడే ఇంగ్లీషులో నవలలు మొదలుపెడుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఆరు నవలలు ఇక్కడ పోలుస్తున్నాను. ఇంగ్లీషు బాగా వచ్చినా ఈ తరహా కథలు ఎప్పుడూ ముట్టనివాళ్లకు కూడా పనికొస్తుంది. ఈ రెండు రకాల వాళ్లకూ ఒకే పుస్తకం చెప్పలేం. ఎందుకో కింద తెలుస్తుంది.

ముందు ఏం చూడాలి

పేజీల సంఖ్య అచ్చు వేసినవాళ్ల చేతిలో ఉంటుంది. అదే నవల పాకెట్ సైజులో ఒక లెక్క, పెద్ద అక్షరాల ముద్రణలో ఇంకో లెక్క. పదాల సంఖ్య మాత్రం మారదు కాబట్టి దాన్ని పట్టుకోండి.

రెండోది మీ వేగం. 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, పెద్దవాళ్లు ఇంగ్లీషు కథాసాహిత్యాన్ని మౌనంగా చదివితే సగటున నిమిషానికి 260 పదాలు అవుతాయని లెక్క తేల్చారు. ఇంటర్నెట్‌లో "ఈ పుస్తకం ఆరు గంటలు" అని కనిపించే అంకెలన్నీ ఇంచుమించు ఇలాంటి వేగం మీదే వేసినవి. అది చిన్నప్పటి నుంచి ఇంగ్లీషులో మునిగినవాళ్ల వేగం. మీది మీరే కొలుచుకోండి. పుస్తకం మొదటి పేజీ వద్దు, మూడో వంతు దాటాక ఎక్కడో ఒకచోట తెరవండి. ఫోన్‌లో పది నిమిషాలు టైమర్ పెట్టి చదవండి. నాలుగైదు లైన్లలో పదాలు లెక్కేసి సగటు తీసి, చదివిన లైన్లతో గుణించి పదితో భాగిస్తే సరి. 150 వచ్చినా సిగ్గుపడేది లేదు. కింద పట్టికలో ఆ వేగానికీ ఒక నిలువు వరుస పెట్టాను.

మూడోది అసలైనది: చదువుతూ ఎందుకు ఆగుతున్నారు? ఆగడాలు రెండు రకాలు. ఒక రకం ఆగడానికి డిక్షనరీ మందు. పాత ఇంగ్లీషు పదం తగిలింది, అర్థం చూశారు, ముందుకెళ్లారు. రెండో రకానికి డిక్షనరీ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ పదం రచయిత పుట్టించింది. దాని అర్థం యాభై పేజీల తర్వాత గానీ బయటపడదు, ఒక్కోసారి చివరిదాకా పూర్తిగా తేలదు. ఇంగ్లీషు తడబడేవాళ్లకు మొదటి రకం కష్టం. ఇంగ్లీషు వచ్చి సైన్స్ ఫిక్షన్ కొత్త అయినవాళ్లకు రెండో రకం కష్టం, పైగా వాళ్లకే కోపం కూడా ఎక్కువ. "నాకు ఇంగ్లీషు వచ్చు కదా, ఇది ఎందుకు అర్థం కాదు?" అని.

చదవడం ఎంత కష్టమో అంకెల్లో చెప్పే సూత్రాలున్నాయి. ఫ్లెష్-కింకెయిడ్ అనేది బాగా వాడుకలో ఉంది. 1975లో అమెరికా నౌకాదళం వాళ్ల మాన్యువళ్ల కోసం తయారైంది. వాక్యంలో ఎన్ని పదాలు, పదంలో ఎన్ని అక్షరధ్వనులు, అంతే, ఇంకేమీ చూడదు. న్యూరోమాన్సర్‌లో 'ఐస్' అనే మాట మాటిమాటికీ వస్తుంది. ఒకే ధ్వని, ఎల్‌కేజీ పిల్లకి తెలిసిన మాట. సూత్రం దాన్ని తేలిక కిందే లెక్కేస్తుంది. నవలలో మాత్రం దానర్థం కంప్యూటర్ల చుట్టూ కట్టిన కాపలా వ్యవస్థ, అందులో చొరబడబోయిన మనిషి మెదడు మాడిపోవచ్చు కూడా. అందుకే పట్టికలో ఆ సూత్రం ఇచ్చే అంకెలు పెట్టలేదు.

పట్టిక

| నవల | వచ్చిన ఏడాది | పదాలు, సుమారు | నిమిషానికి 250 అయితే | నిమిషానికి 150 అయితే | ఎక్కడ ఆగుతారు |
|---|---|---|---|---|---|
| ద టైమ్ మెషీన్ | 1895 | 32,000 | 2 గం. 10 ని. | 3 గం. 30 ని. | పాత పదాలు, పొడుగు వాక్యాలు |
| ఫారెన్‌హీట్ 451 | 1953 | 46,000 | 3 గం. | 5 గం. | కవిత్వం లాంటి పోలికలు |
| ఫౌండేషన్ | 1951 | 70,000 | 4 గం. 40 ని. | 7 గం. 45 ని. | భాగం మారితే మనుషులంతా కొత్తవాళ్లు |
| న్యూరోమాన్సర్ | 1984 | 80,000 | 5 గం. 20 ని. | 8 గం. 50 ని. | ప్రతి పేజీలో |
| ద మార్షియన్ | 2011 | 1,04,000 | 7 గం. | 11 గం. 30 ని. | లెక్కలు, దాటేయొచ్చు |
| డ్యూన్ | 1965 | 1,88,000 | 12 గం. 30 ని. | 20 గం. 50 ని. | పేర్లు, కొత్త పదాలు, మొదటి వంద పేజీలు |

ఈ గంటలు ఆగకుండా చదివితే పట్టేవి. ఆగడాలు విడిగా కలుపుకోవాలి. నా అంచనాలో ద మార్షియన్‌కి కలపాల్సింది దాదాపు ఏమీ లేదు. న్యూరోమాన్సర్‌కి కనీసం సగం కలపాలి, ఎందుకంటే ప్రతి అధ్యాయంలో వెనక్కి తిప్పాల్సి వస్తుంది. అలా కలిపితే 150 వేగంతో అది 13 గంటలు దాటుతుంది. పాతిక వేల పదాలు ఎక్కువున్న ద మార్షియన్ అప్పటికే అయిపోయి ఉంటుంది.

ద మార్షియన్: లావు చూసి జంకొద్దు

ఆండీ వియర్ దీన్ని మొదట తన వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయంగా పెట్టాడు, 2011లో తనే ఈ-బుక్‌గా వేసుకున్నాడు, 2014లో పెద్ద ప్రచురణకర్త అచ్చు వేశారు. విడతలు విడతలుగా జనం కోసం రాసిన లక్షణం వాక్యాల్లోనే తెలుస్తుంది. మార్స్ మీద ఒంటరిగా మిగిలిపోయిన వ్యోమగామి రోజూ రాసుకునే డైరీ ఇది. మాటలు చిన్నవి, వెటకారం దండిగా ఉంటుంది. తెలియని సంగతి ఏదొచ్చినా పక్క లైన్లోనే అతనే వివరిస్తాడు.

ఒక చోటు చూడండి. బంగాళాదుంపలు పండించడానికి మట్టి తడపాలి, నీళ్లు చాలవు. మిగిలిపోయిన రాకెట్ ఇంధనం హైడ్రజీన్ ఉంది. దాన్ని ఇరిడియం ఉత్ప్రేరకం మీదుగా పోనిచ్చి నైట్రోజన్, హైడ్రోజన్‌లుగా విడగొట్టి, ఆ హైడ్రోజన్‌ని మండించి నీళ్లు చేస్తాడు. వినడానికి భయంగా ఉంది గానీ ఇంటర్ కెమిస్ట్రీ చదివిన ఎవరికైనా అక్కడ అర్థం కానిదేమీ లేదు. చదవనివాళ్లు ఆ రెండు పేజీలు కళ్లతో దాటేసి "నీళ్లు వచ్చాయి, ఇల్లు పేలిపోబోయింది" అని పట్టుకున్నా కథ చేజారదు. లెక్కలున్న నవలకీ లెక్కలు వస్తేనే అర్థమయ్యే నవలకీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం. మొదటి వాక్యంలోనే బూతు ఉంది. పదో తరగతి పిల్లకి కొనిచ్చే ఉద్దేశం ఉంటే బూతులు తీసేసిన క్లాస్‌రూమ్ ఎడిషన్ విడిగా ఉంది, అది అడగండి.

ద టైమ్ మెషీన్: చిన్నది, కానీ మొదటి అధ్యాయం గట్టు

మన నెల్లూరు జిల్లా మనిషి సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఆదిత్య 369 చూడని తెలుగువాళ్లు తక్కువ. ఆ సినిమా వెనక ఉన్న ఊహ హెచ్.జి. వెల్స్ రాసిన ఈ నవలదే. కాలంలో తిరిగే యంత్రమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, అది సగం సుఖం. కానీ కృష్ణదేవరాయల కొలువు లాంటిది ఇందులో దొరుకుతుందనుకుంటే నిరాశే. నవలలో గతంలోకి ప్రయాణం లేదు. యంత్రం నేరుగా క్రీ.శ. 8,02,701కి పోతుంది. పైన ఎండలో ఆడుకునే మెత్తటి మనుషులు, కింద చీకట్లో యంత్రాలు నడిపే ఇంకో జాతి. ఎవరు ఎవరికి తిండి అన్నది తెలిశాక వెల్స్ ఇంగ్లండు ఫ్యాక్టరీల గురించి ఏం చెబుతున్నాడో అర్థమవుతుంది.

కష్టమంతా మొదట్లోనే. భోజనాలయ్యాక నలుగురు పెద్దమనుషులు కూర్చుని నాలుగో పరిమాణం (అంటే కాలం) మీద వాదించుకుంటారు, వాక్యం మొదలైతే ఎప్పటికి ముగుస్తుందో తెలియదు. అది అర్థం కాకపోయినా యంత్రం బయల్దేరేదాకా ఓపిక పట్టండి, తర్వాత తేలిక. గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు దాదాపు లేవు. ప్రయాణికుడికే పేరు లేదు, మిగతావాళ్లలో చాలామంది డాక్టరు, మేయరు, ఎడిటరు అనే వృత్తులతోనే వస్తారు. నిమిషానికి 150 చదివేవాళ్లు నెల్లూరులో పినాకిని ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగేసరికి చివరి పేజీల దగ్గరుంటారు, బండి కాస్త లేటయితే అయిపోయినట్టే.

ఫారెన్‌హీట్ 451

పుస్తకాలు తగలబెట్టడమే ఉద్యోగంగా ఉన్న ఫైర్‌మన్ కథ. వాక్యాలు పొట్టివి, పాత్రలు అరడజను, మూడే భాగాలు. అందుకే "ఇదే మొదలుపెట్టు" అని చాలామంది చెబుతారు. నేను చెప్పను. రే బ్రాడ్‌బరీ ఏదీ నేరుగా చెప్పడు. కిరోసిన్ గొట్టం ఒకచోట పాము, కాలే పుస్తకాలు ఒకచోట పక్షులు, ఇంకోచోట మరేదో. పదాలన్నీ తెలిసినవే ఉంటాయి, వాక్యం మాత్రం రెండోసారి చదివితే గానీ దారికి రాదు. కవిత్వం చదివే అలవాటున్నవాళ్లకు ఇది విందు. కథ ఏమైందో చెప్పు చాలు అనేవాళ్లకు విసుగు.

ఫౌండేషన్

ఐజాక్ అసిమోవ్ 1940లలో పత్రికకు రాసిన కథలకు ముందు ఒక కొత్త భాగం చేర్చి 1951లో పుస్తకంగా తెచ్చారు. మొత్తం ఐదు భాగాలు. పన్నెండు వేల ఏళ్ల సామ్రాజ్యం కూలబోతోందని, ఆ తర్వాత ముప్పై వేల ఏళ్లు చీకటి తప్పదని గణితంతో తేల్చిన హరి సెల్డన్, ఆ చీకటిని వెయ్యేళ్లకు కుదించే పథకం వేస్తాడు.

ఇంగ్లీషు మామూలు పత్రికల స్థాయిలో ఉంటుంది. యుద్ధాలు తెర వెనక, మాటలు తెర ముందు. ఇద్దరు గదిలో కూర్చుని ఎత్తుకు పై ఎత్తు వేసుకోవడమే ఎక్కువ. మన ఊళ్లలో ఎన్నికల ముందు టీ కొట్టు దగ్గర రాజకీయం మాట్లాడేవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఇబ్బంది ఒక్కటే. మొదటి భాగంలో మీకు దగ్గరైన కుర్రాడు గాల్ డోర్నిక్ తర్వాతి భాగాల్లో కనపడడు, దశాబ్దాలు దాటిపోతాయి. మనిషి వెంట పోయే పాఠకుడికి అది చేదు. ఇదే మరోవైపు లాభం కూడా: ఒక భాగం అయ్యాక నెల రోజులు పక్కన పెట్టి మళ్లీ తీసినా మరిచిపోయిందేమీ ఉండదు. అయితే కథ ఇక్కడ ముగియదు, తర్వాతి పుస్తకాలు పిలుస్తాయి.

డ్యూన్: సమయం కాదు, మొదటి వంద పేజీలు పెట్టుబడి

ఫ్రాంక్ హెర్బర్ట్ పాఠకుణ్ణి ఎడారిలో వదిలేసి నీళ్ల సీసా చివరి పేజీల్లో దాచాడు. పుస్తకం వెనక పదకోశం ఉంది, అనుబంధాలున్నాయి. కొనేటప్పుడు అవి ఉన్నాయో లేదో చూసుకోండి. ఈ ఒక్క నవలకి మాత్రం ఫోన్‌లో కన్నా కాగితం మేలు, వేలు ఒకటి పదకోశంలో పెట్టుకుని చదవొచ్చు. అయినా ప్రతి పదానికీ వెనక్కి పోవద్దు. రెండోసారి కనపడ్డ పదానికి మాత్రమే పోండి. మొదటిసారి కనపడి మాయమయ్యే పదాలు చాలా ఉంటాయి, వాటి అర్థం తెలియకపోయినా కొంప మునగదు.

అధ్యాయాలకు నంబర్లు లేవు. ప్రతి విభాగం ముందు యువరాణి ఇరులాన్ రాసినట్టుగా ఒక చిన్న ఉటంకింపు ఉంటుంది, అదే గుర్తు. "పదిహేడో అధ్యాయం దాకా వచ్చాను" అని ఎవరితోనూ చెప్పుకోలేరు. ఆ ఉటంకింపులు మొదట దాటేసి, విభాగం అయ్యాక వెనక్కొచ్చి చదివితే ఎక్కువ రుచిగా ఉంటాయని నా అభిప్రాయం. కొన్నయితే జరగబోయేది ముందే చెప్పేస్తాయి, హెర్బర్ట్ కావాలనే అలా చేశాడు. ద్రోహి ఎవరో మొదట్లోనే తెలిసిపోతుంది, ఎప్పుడు బయటపడతాడన్నదే ఉత్కంఠ.

2021లో వచ్చిన సినిమా చూసి ఉంటే సగం బరువు దిగినట్టే. అది నవలలో దాదాపు మొదటి సగం. ఎవరు ఏ వంశమో, ఏ గ్రహం ఎవరిదో మొహాలతో సహా గుర్తుంటుంది. సినిమా ముందు చూస్తే నవల చెడిపోతుందనే మాట చాలా పుస్తకాల విషయంలో ఒప్పుకుంటాను, దీనికి ఒప్పుకోను.

న్యూరోమాన్సర్

విలియం గిబ్సన్ ఏదీ వివరించడు. మొదటి నవలగా తీసుకోవద్దు. రెండు మూడు చదివాక తీసుకోండి, అప్పుడు వదిలిపెట్టరు.

ఎవరికి ఏది

రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాళ్లు చాలామంది ఫోన్‌లో చదువుతారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని గంటకోసారి లేవాలి. ఇలా ముక్కలు ముక్కలుగా దొరికే టైముకి ద మార్షియన్‌ని మించింది లేదు. డైరీలో ఒక్కో రోజు రాత ఒక్కో చిన్న ముక్క, ఎక్కడ ఆపినా దారి తప్పరు. పొగాకు బ్యారన్‌లో ఆకును వేడితో ఆరబెట్టే రోజుల్లో వేడి చూసుకుంటూ రాత్రులు గడిపేవాళ్లదీ ఇదే పరిస్థితి. డ్యూన్‌ని ఇలాంటి చోటుకి తీసుకెళ్లొద్దు. దానికి కనీసం గంటన్నర కదలకుండా కూర్చునే వీలుండాలి.

బీటెక్ పిల్లలకు నేను చెప్పే వరుస: ద మార్షియన్, ఫౌండేషన్, తర్వాత డ్యూన్. మొదటిది ఇంగ్లీషులో వేగం పెంచుతుంది. రెండోది పేర్లు మారినా నడవడం నేర్పుతుంది. ఈ రెండూ అయ్యాక డ్యూన్ తీస్తే మొదటి వంద పేజీల దగ్గర ఆగిపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా మేడ ఎక్కి చూసే ఇంట్లో పెరిగిన పిల్లలకు మార్స్ కథ వేరే గ్రహంలా అనిపించదు కూడా.

రిటైరైన మాస్టార్లకు, ముఖ్యంగా పాత బీఏలో ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లకు, ద టైమ్ మెషీన్ ఇవ్వండి. ఇప్పటి పిల్లలను ఆపే పొడుగు వాక్యాలు వాళ్లకు అలవాటే. రాకెట్ సైన్స్ ఏమీ లేదు, సమాజం గురించిన ఆలోచనే ఎక్కువ. వాళ్లకు ద మార్షియన్ ఇస్తే ఆ వెటకారపు అమెరికా యాస చిరాకు పెడుతుంది.

డిగ్రీ, ఎమ్మే తెలుగు వాళ్లు, కవిత్వం రాసేవాళ్లు ఫారెన్‌హీట్ 451 దగ్గర మొదలుపెట్టొచ్చు. నెమ్మదిగా చదవాలి. ఐదు గంటలని పట్టికలో రాశాను గానీ ఎనిమిది పట్టినా నష్టం లేదు.

అనువాదాల్లో చదివేవాళ్లకు ఒక మాట. ఈ పట్టిక అంకెలు తెలుగు పుస్తకానికి పనికిరావు. ఇంగ్లీషులో నాలుగైదు పదాలుగా ఉండేది మనకు విభక్తులు, క్రియలు అతుక్కుని రెండు పదాల్లో ఇమిడిపోతుంది. అందుకే తెలుగు అనువాదంలో పదాల సంఖ్య తగ్గుతుంది, నిమిషానికి చదివే పదాలూ తగ్గుతాయి. తెలుగుకి మీ పది నిమిషాల పరీక్ష విడిగా పెట్టుకుని, పేజీల మీద లెక్క వేసుకోవడమే దారి.

ఆడియో పుస్తకాలు మామూలుగా నిమిషానికి 150 పదాల దగ్గర సాగుతాయి, కాబట్టి పట్టికలో 150 వేగం కింద ఉన్న గంటలే వాటికీ దాదాపు సరిపోతాయి. డ్యూన్ ఆడియో కూడా 21 గంటల దగ్గరే. ఒంగోలు నుంచి హైదరాబాదు నైట్ బస్సులో లైట్లు ఆపేశాక ఇది మంచి ఉపాయం. పేర్లు ఎట్టా పలకాలో కూడా చెవినపడుతుంది. కానీ డ్యూన్‌నీ న్యూరోమాన్సర్‌నీ మొదటిసారే వినొద్దు, వెనక్కి తిప్పడం కాగితం మీద ఒక్క క్షణం, ఆడియోలో తలనొప్పి.

ఖర్చు సంగతి. ఆరింటిలో ద టైమ్ మెషీన్ ఒక్కటే ఉచితం. వెల్స్ 1946లో పోయారు, మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం దొరుకుతుంది, ఫోన్‌లోనే చదవొచ్చు. కళ్లకు ఇబ్బందైతే ప్రింట్ తీయించుకోండి. ఏ4లో రెండు వైపులా తీస్తే ముప్పై నలభై కాగితాలకు మించదు, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ వేయించుకుంటే అంచుల్లో అర్థాలు రాసుకోవచ్చు. మిగతా ఐదింటికీ కాపీరైట్ ఉంది. నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో ఇంగ్లీషు అలమర ఒకసారి వెతికి, దొరక్కపోతే సెకండ్ హ్యాండ్‌లో కొనండి. డ్యూన్ పాత కాపీ కొనేటప్పుడు మాత్రం వెనక పదకోశం పేజీలు చిరిగిపోలేదు కదా అని తిప్పి చూసుకోండి.